పట్టాల్లో కరెంటు లేని రైలు



జర్మనీలోనో ఇంగ్లండులోనో ఇంటి వెనక తోటలో బొమ్మ రైలు నడుపుకొనేవారు ఆదివారం పొద్దున్నే మొట్టమొదట చేసే పని ఏమిటో తెలుసా? పట్టాలు తుడవడం. రాత్రి కురిసిన మంచు, రాలిన ఆకుల జిగురు, నత్త పాకిన చార, ఇత్తడి మీద పట్టిన చిలుము, వీటిలో ఏది మిగిలినా రైలు ఆగిపోతుంది. పట్టాలు చెక్కుచెదరకుండానే ఉంటాయి, ఇంజనూ బాగానే ఉంటుంది. చక్రానికీ పట్టాకీ మధ్య ఉన్న సన్నని మురికి పొర కరెంటును అడ్డుకుంటుంది, అంతే.

ఈ తోట రైళ్ల పరిచయం కొంచెం చెబుతాను. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి చెందిన లేమన్ సంస్థ ‘ఎల్.జి.బి.’ పేరుతో ఆరుబయట నడిచే పెద్ద బొమ్మ రైళ్లను మార్కెట్లోకి తెచ్చింది. వీటి పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. అసలు మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు కదా, దాన్ని 22.5తో భాగించి చూడండి. మన నీలగిరి కొండ రైలుది కూడా మీటర్ గేజే కాబట్టి, ఆ కొలతలో దాని నమూనా చేస్తే ఇదే పట్టాల మీద నడుస్తుంది.

మామూలుగా ఒక పట్టా ధన ధ్రువానికి, రెండోది రుణ ధ్రువానికి కలిపి ఉంటుంది. చక్రాల ద్వారా కరెంటు మోటారుకు చేరుతుంది. గదిలో ఇది చక్కని పద్ధతే. తోటలో మాత్రం పట్టా ముక్కల అతుకులు డజన్ల కొద్దీ ఉంటాయి, ప్రతి అతుకూ కొంత నిరోధం కలుపుతుంది. మొత్తం నిరోధం 4 ఓములు, ఇంజను తీసుకునే కరెంటు 1.5 ఆంపియర్లు అనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం దారిలోనే 6 వోల్టులు పోతాయి. ఇంటి దగ్గర 18 వోల్టులు ఇచ్చినా తోట చివర ఉన్న ఇంజనుకు అందేది 12 మాత్రమే. అందుకే అది అక్కడ నీరసంగా నడుస్తుంది.

దీనికి విరుగుడు, కరెంటును పట్టాల్లోంచి తీసి ఇంజనులోనే పెట్టడం. నాలుగు లిథియం-అయాన్ సెల్స్‌ను శ్రేణిలో కలిపితే, ఒక్కొక్కటి 3.7 వోల్టుల చొప్పున 14.8 వోల్టులు వస్తాయి. సెల్ సామర్థ్యం 2.6 ఆంపియర్-గంటలైతే నిల్వ ఉన్న శక్తి సుమారు 38 వాట్-గంటలు. ఇంజను సగటున ఒక ఆంపియర్ తీసుకుంటే లెక్కకు రెండున్నర గంటలు నడవాలి, వాస్తవంలో కాస్త తక్కువ. ఈ నాలుగు సెల్స్ బరువు 200 గ్రాములకు మించదు.

ఈ బరువు సంగతి కాస్త ఆలోచించండి. మామూలుగా వాహనానికి బరువు శత్రువు. రైలింజనుకు అలా కాదు. చక్రం జారకుండా పట్టాను పట్టుకోవాలంటే దాని మీద బరువు పడాలి. లిథియం రాకముందు చాలామంది బరువైన సీసపు బ్యాటరీని ఇంజను వెనక పెట్టెలో ఉంచేవారు. అక్కడ అది లాగవలసిన భారం. అదే బరువు ఇంజను చక్రాల మీద ఉంటే పట్టు పెంచే సాయం.

ఇప్పుడు మీకు ఆశ్చర్యం కలిగించే లెక్క ఒకటి. ఇంజను, పెట్టెలు కలిపి 8 కిలోలు. మీటరుకు 3 సెంటీమీటర్ల చొప్పున ఎత్తు పెరుగుతున్న దారి. వేగం సెకనుకు 0.3 మీటర్లు. గురుత్వాకర్షణకు ఎదురుగా లాగడానికి కావలసిన సామర్థ్యం 8 × 9.8 × 0.03 × 0.3, అంటే సుమారు 0.7 వాట్లు. బ్యాటరీ ఇస్తున్నది దాదాపు 15 వాట్లు! మిగతాదంతా మోటారు చుట్టల్లో, గేర్లలో, మలుపుల దగ్గర చక్రాల ఒరిపిడిలో వేడిగా పోతోంది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే పెద్ద బ్యాటరీ కొనేముందు ఇరుసులకు నూనె వేసి చూడమంటాను.

వేగాన్ని తగ్గించేదెలా? పాత పద్ధతిలో దారికి అడ్డంగా ఒక నిరోధం పెట్టేవారు, అది వేడెక్కి శక్తిని తినేసేది. ఇప్పుడు ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు వేసి తీస్తాయి. సగం సమయం వేసి ఉంచితే మోటారుకు సగటున సగం వోల్టేజి అందుతుంది, వృథా చాలా తక్కువ.

ఈ పని చేయమని ఆజ్ఞ అందించేది రేడియో. రేడియోతో దూరం నుంచి నడిపే పడవను నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లో చూపించాడు. నేటి రిమోట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ప్రతి రిమోట్‌కూ దాని రిసీవర్‌కూ మధ్య ఒక సంకేతం ఉంటుంది కాబట్టి పక్కింటివారి రిమోట్ మీ రైలును కదిలించలేదు. ఇంజను తొడుగు ఇత్తడిదైతే ఏరియల్‌ను లోపల దాచకండి, లోహం తరంగాలను ఆపేస్తుంది.

ఇంకొక జాగ్రత్త నా అనుభవం నుంచి. విద్యార్థులతో కలిసి చేసిన మొదటి ఇంజనులో, సంకేతం తెగిపోతే తానే ఆగిపోయే ఏర్పాటు పెట్టడం మరిచాను. రిమోట్‌లో సెల్స్ అయిపోయాయి. ఇంజను చివరిగా విన్న ఆజ్ఞనే పట్టుకుని సాగిపోయి, పట్టాలు అయిపోయిన చోట నీళ్లతొట్టిలో పడింది. పిల్లలు నవ్వారు గాని, లిథియం సెల్స్‌కు నీళ్లు తగలడం నవ్వే విషయం కాదు. ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్లడం కూడా చేయకూడని పనే.

బ్యాటరీ ఇంజను బొమ్మలకే పరిమితం కాదు. 1842లో స్కాట్లండ్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ అసలు రైలుమార్గం మీదే బ్యాటరీ ఇంజను నడిపాడు, వేగం గంటకు నాలుగు మైళ్లు. దాని జింకు పలకలు కరిగిపోయేవి, తిరిగి ఛార్జి చేసే వీలు లేదు. జింకు కన్నా బొగ్గు చౌక. అందుకే ఆ ప్రయత్నం అక్కడే ఆగింది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో 2023 నుంచి ప్రయాణికుల బ్యాటరీ రైళ్లు తిరుగుతున్నాయి. పైన కరెంటు తీగ ఉన్న చోట ఛార్జి చేసుకుని, తీగ లేని చోట ఆ నిల్వతో నడుస్తాయి.

ఇంటి దగ్గర ఒక ప్రయోగం చేయండి. చిన్న బొమ్మ మోటారు, రెండు పెన్‌టార్చి సెల్స్, ఒక మల్టీమీటర్ చాలు. మీటర్‌ను పది ఆంపియర్ల శ్రేణిలో పెట్టి, మోటారు తేలిగ్గా తిరుగుతున్నప్పుడు కరెంటు ఎంతో రాసుకోండి. తరువాత ఇరుసును వేళ్లతో ఆపి చూడండి, రెండు సెకన్లకు మించి వద్దు. కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. తిరిగే మోటారు తానే జనరేటర్‌లా ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. ఆపితే ఆ ఎదురు పోతుంది. పట్టాల మీద రాయి అడ్డుపడిన ఇంజనుకు జరిగేది ఇదే. సెల్స్ వోల్టేజిని ఆ రెండో రీడింగుతో భాగిస్తే మోటారు చుట్ట నిరోధం తెలుస్తుంది. సెల్స్ లోపలి నిరోధం కూడా అందులో కలిసి ఉంటుంది, దాన్ని విడదీయడం ఎలాగో మీ మాస్టారిని అడగండి.