వంటింటిలో నొక చిన్న అరుగు
(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పాఠశాల సభలో వంటింటి ప్రస్తావన యేల యని మీకు తోపవచ్చును. కారణము కలదు. 1956వ సంవత్సరమున జరిగిన ఏడవ సవరణచే మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నేర్పుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని అందు కలదు. ఆ అధికరణము బడికి అండ. ఇంటిలోని మాటకు మాత్రము ఏ శాసనమును అండ కాజాలదు. మన షోలాపురమున బిడ్డ గడప దాటిన మరాఠీ. టెలివిజను ముందు కూర్చున్న హిందీ. అందు దోషము లేదు. మరాఠీ మనకు అన్నము పెట్టుచున్న భాష. కాని తల్లి తెలుగున నడిగిన ప్రశ్నకు బిడ్డ మరాఠీలో బదులు చెప్పు ఇండ్లు మనలో లేవా? అవ్వ చెప్పు కథ మనుమనికి సగమే తెలియు ఇండ్లు లేవా?

పూర్వము మన ఊళ్లలో ఇంటి ముందు అరుగుండెడిది. పెద్దలు మాటలాడుకొనుట అక్కడనే, బాటసారి సేదదీరుట అక్కడనే. వీథిబడులు పెక్కు అరుగులమీదనే నడచినవి. నేటి ఒకటి రెండు గదుల ఇండ్లలో అరుగునకు తావు లేదు. సాయంకాలము బిడ్డ ఒక దిక్కున, పొయ్యికడ తల్లి మరొక దిక్కున నుందురు. వారిని ఒక చోటికి చేర్చుటకు వంటింటి మూలనే ఒక చిన్న అరుగు కట్టుకొనుడని నా మనవి.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల కడపరాయి బండ యొకటి తెచ్చుకొనవలెను. తొమ్మిదంగుళముల ఇటుకలను రెండేసి చొప్పున కొసకు కొస చేర్చి, నాలుగు వరుసలు లేపిన నొక చిన్న గోడ యగును. చివరల రెండు, నడుమ నొకటి, ఇట్టి గోడలు మూడు కావలెను. మొత్తము 24 ఇటుకలు, కొంచెము సిమెంటు, ఇసుక. రాయి బరువు మోయును గాని వంపున కోర్వదు. కావున నడుమ గోడ మానరాదు. బండతో కూడ ఎత్తు ఇంచుమించు 15 అంగుళములగును. అది పిల్లలకు అనువు, పెద్దలును కూర్చుండవచ్చును. బండ ముందంచును అరగదీయించి నున్న చేయింపవలెను. అద్దె యింటివారికి ఇటుకలతో పనిలేదు. గట్టి ట్రంకుపెట్టె నొకదానిని గోడ కానించి, పైన బొంత పరచిన చాలును.

బొంతకు పాత నూలుచీరలే వాడవలెను. నైలాను, పాలిస్టరు బట్టలు నిప్పు తగిలిన కరగి ఒంటి కంటుకొనును. అరుగు క్రింది రెండు అరలలో ఒకటి పలకకు, పుస్తకములకు. రెండవది ఉల్లిగడ్డల బుట్టకు. గ్యాసు సిలిండరును మాత్రము దాని క్రింద ఉంచరాదు. దానిని గాలి వచ్చు చోట నిలువుగా నుంచవలెను. పొయ్యికిని అరుగునకును నాలుగడుగుల యెడముండవలెను. అంత తావు లేని యింట గుమ్మము వెలుపల, తల్లి మాట వినబడునంత చేరువలో కట్టుకొనుడు. కుడిచేత వ్రాయు బిడ్డకు దీపము ఎడమ ప్రక్కనుండి పడవలెను. బీడీలు చుట్టు తల్లులు పొగాకు చేటను ఆ అరుగున కెక్కింపరాదు.

అక్కడ కూర్చున్న బిడ్డకు లభించు విద్య యేది? తరుగుట వేరు, తురుముట వేరు. చెరుగుట వేరు, జల్లించుట వేరు. ఎసరు మరగుట, పాలు పొంగుట, గంజి వార్చుట, పోపు చిటపటలాడుట, ఈ మాటలు వాచకమున కొన్నియే దొరకును. కంటితో చూచి చెవితో విన్న మాటను బిడ్డ మరువడు. “ఈ గ్లాసుతో రెండు బియ్యమునకు నీళ్లెన్ని?” అని అడిగిన లెక్కయు వచ్చును. బిడ్డ మరాఠీలో బదులు చెప్పిన కసరకుడు. ఆ మాటనే తెలుగున మెల్లగా తిరిగి చెప్పుడు. కసరిన బిడ్డ ఆ మూలకే రాడు.

తండ్రులకు నొక మాట. ఈ పని తల్లిమీదనే వేయకుడు. మరమగ్గము వదలి వచ్చిన తరువాత పావుగంట ఆ అరుగున కూర్చుండి, బిడ్డచేత ఒక పుట తెలుగు చదివించి వినుడు. అవ్వ యున్న యింట ఆమెకు ఆ బొంతపై మొదటి స్థానమిండు.

మన పొరుగువారు ఈ నల్లరాతిని కడప్పా యనియే పిలుతురు. ఊరు విడిచి ఇంత దూరము వచ్చినను రాయి తన ఊరి పేరు నిలుపుకొన్నది. మన బిడ్డలు తమ భాషను నిలుపుకొనునట్లు చేయుట మన చేతిలోని పని. బడి తన పాలు తాను చేయుచున్నది. ఇంటి పాలు మీరు చేయుదురని నమ్ముచున్నాను.