ఏ ఊరోళ్లు బాగా పనిచేస్తారు?



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది నెలల్లో పాశమైలారంలోనో, పటాన్‌చెరులోనో, బొల్లారంలోనో ఏదో ఒక కంపెనీలో చేరతారు. చేరిన వారంలోపే ఎవరో ఒక సీనియర్ మీకు జ్ఞానబోధ చేస్తాడు. ‘‘లోకల్ వాళ్లను ఎక్కువ పెట్టుకోకు, పండగొస్తే కనపడరు. బీహార్ వాళ్లయితే పన్నెండు గంటలు చేయమన్నా నోరెత్తరు. ఆడవాళ్లను ప్యాకింగ్‌లో వెయ్యి, ఓపిక ఎక్కువ. యాభై దాటినవాడికి కొత్త మిషన్ ఎక్కదు.’’ ఇది ఏ సిలబస్‌లోనూ ఉండదు కానీ, ఈ పారిశ్రామిక బెల్టులో చాలా నియామకాలు దీనిమీదే నడుస్తాయి.

అదంతా అబద్ధమని నేననను. హాజరు రిజిస్టర్ తిరగేయండి. బతుకమ్మ, దసరా రోజుల్లో సంగారెడ్డి చుట్టుపక్కల పల్లెలవాళ్ల గళ్లలో ‘ఏ’లు వరసగా పడతాయి. సంక్రాంతికి శ్రీకాకుళం వాళ్లవి. జూన్ మధ్యలో రజ పండక్కి ఒడిశా వాళ్లవి. దీపావళి వెళ్లిన ఆరో రోజు ఛఠ్ పూజ, దానికి పోయిన బీహార్ వాళ్లు నెలదాకా తిరిగిరారు. పండగంటే ఇల్లు గుర్తుకురానివాడెవడూ ఆ రిజిస్టర్‌లో లేడు. సదాశివపేట అతను సాయంత్రం పోయి మర్నాడు డ్యూటీకి వస్తాడు. బీహార్‌లోని దర్భంగా అతనికి రానుపోనూ రైల్లోనే రోజులు గడుస్తాయి కాబట్టి ఏడాదికొక్కసారి పోతాడు. మిగతా పదకొండు నెలలూ అతని పేరు పక్కన మనం ‘నిబద్ధత’ అని రాసుకుంటాం.

ఇక నోరెత్తకపోవడం. ఆ దర్భంగా అతను ఉండే గది, పనికి తెచ్చిన కాంట్రాక్టరు ఠేకేదార్‌ది. ఇంటికి పంపిన అడ్వాన్సు ఠేకేదార్ ఇచ్చింది. పని పోతే ఆ రాత్రే గదీ పోతుంది. పక్క ఊరి మనిషికి సొంత ఇల్లుంది, సర్పంచ్ నంబరుంది, యూనియన్‌లో మేనమామ ఉన్నాడు. వీళ్లిద్దరి షరతులూ తారుమారు చేసి చూడండి, ఓటీ లెక్క ఎవరు అడుగుతారో తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే మన పాలమూరు వైపు చూడండి. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి పాలమూరు జనాన్ని తోలుకుపోయిన రోజులున్నాయి. అక్కడి ఇంజినీర్లు కూడా ‘ఈ తెలుగువాళ్లు నోరెత్తరు’ అనే మెచ్చుకొని ఉంటారు. తెలుగువాళ్లు నోరెత్తరంటే మన ఇళ్లల్లో ఎవరైనా నమ్ముతారా!

ఆడవాళ్ల ఓపిక సంగతి కూడా అంతే. రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా వాళ్లను పనిలో పెట్టకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ కట్టడి చేసింది. ప్లాంట్ మూడు షిఫ్టుల్లో నడిస్తే వాళ్లు ప్యాకింగ్‌లోకి, జనరల్ షిఫ్టులోకి చేరారు. వయసు గురించి పరిశోధకులు థామస్ ఎన్‌జీ, డేనియల్ ఫెల్డ్‌మన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు గుదిగుచ్చి 2012లో ఒక పత్రం రాశారు. పెద్దవయసు ఉద్యోగులమీద ఉన్న ఆరు అపోహలను పరీక్షిస్తే, శిక్షణ అంటే కాస్త వెనకాడతారన్న ఒక్కటి తప్ప ఏదీ నిలబడలేదు. అసలు ఆ వయసువాళ్లను శిక్షణకు పిలిచేదెవరని నా అనుమానం.

ఊరూ భాషా నిజంగా లెక్కలోకి రావలసిన చోటు వేరే ఉంది. 2025 జూన్ 30న ఇక్కడే, పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. చాలా మృతదేహాలను డీఎన్‌ఏ పరీక్షలతోనే గుర్తుపట్టారు. కారణాలు తేల్చడం నా పని కాదు. కానీ ఆ తర్వాత నేను వేరే ప్లాంట్లకు వెళ్లినప్పుడల్లా గోడలమీద బోర్డులే చూస్తున్నాను. ఒకచోట డ్రయ్యర్ పక్కన హెచ్చరిక తెలుగులో, ఇంగ్లీషులో ఉంది, దాని కింద నిలబడి పొడి సంచులు ఎత్తుతున్న ముగ్గురూ ఒడియా కుర్రాళ్లు. నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని అదే ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ చెప్పింది. ఆ ఎక్కువమందిలో లేనివాడి సంగతేమిటో చెప్పలేదు.

మీరు చేరిన నెలలోనే కాంట్రాక్టర్ మస్టర్‌లోని పేర్లు కూడా కలిపి, షిఫ్టువారీగా ఎవరు ఏ భాష చదవగలరో పట్టిక తయారుచేయండి. అసలు చదువురానివాళ్లకు ప్రమాదమొస్తే ఎటు పరుగెత్తాలో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ఆ పట్టికలోని భాషలన్నిటిలో హెచ్చరికలు రాయించండి. ఒడియా రాయగల పెయింటర్ పటాన్‌చెరులో దొరకలేదని అడ్మిన్ వాళ్లు అంటారు. ఆ షిఫ్టులోని ఒడియా కుర్రాడికే బ్రష్ ఇవ్వమనండి, ఆ పూట కూలీ కోయకుండా.