కుక్కకును మనసు కలదు

(మన సంఘపు వారసభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడదలచిన విషయము విని కొందరు మిత్రులు నవ్విరి. "రోడ్డు సంగతి, పిల్లల బడి సంగతి యుండగా కుక్కను గూర్చి ఉపన్యాసమా?" అనిరి. మనలో దుకాణము గలవారు, గోదాము గలవారు పెక్కురు. ఆ ఇండ్లలో కుక్క లేని గడప యరుదు. దానికింత అన్నము వేయుచున్నాము; పిచ్చికుక్క వ్యాధి రాకుండ సూది వేయించుచున్నాము. అంతటితో మన పని తీరినదనుకొనుచున్నాము. దాని మనసును గూర్చి అడిగినవాడు లేడు.

దానికి మనసు కలదా యని సందేహించువారు దూరము పోనక్కరలేదు. మనకు సమీపముననే హేమల్‌కసలో 1973 డిసెంబరు 23వ తేదీన బాబా ఆమ్టేగారు లోక్ బిరాదరీ ప్రకల్పమును స్థాపించిరి. వారి కుమారులు డాక్టరు ప్రకాశ్ ఆమ్టేగారును, ఆయన సతీమణి డాక్టరు మందాకినిగారును అచ్చట వైద్యము చేయుచు వచ్చిరి. ఒకనాడు అడవిదారిలో వేటగాండ్రు చచ్చిన కోతిని మోసికొని పోవుచుండగా, బ్రతికియున్న దాని పిల్ల తల్లి ఱొమ్మును వదలక కరచుకొని యుండెను. ప్రకాశ్‌గారు ఆ పిల్లను అడిగి తెచ్చి పెంచిరి. అచ్చటి జంతు అనాథాలయమునకు అదియే మొదలు. ఆ పిల్ల పట్టులో నున్నది ఆకలి మాత్రమేనా? మన గుమ్మమున తోక యూపు జీవమునకు అంతకంటె తక్కువ మనసున్నదని యెట్లనగలము?

కుక్క కష్టములలో మొదటిది గొలుసు. పగలంతయు రెండు మూరల గొలుసున కట్టి రాత్రి విడిచినచో అది దొంగలకు సింహమగునని మన వర్తకులలో నొక నమ్మకము. ఆ లెక్క కుదరదు. కట్టిన కుక్కకు పారిపోవు దారి లేదు; కావున దగ్గరకు వచ్చిన ప్రతివానికి భయపడును, భయపడి కఱచును. దొంగకును, అప్పు తీర్చ వచ్చినవానికిని భేదము దానికి తెలియకపోవును. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టములోనే, మితిమీరి పొట్టిదో బరువైనదో యగు గొలుసున తగని కాలము కట్టియుంచుటయు, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తిప్పకుండుటయు నేరములలో చేర్చియున్నారు.

మఱియొక విధమైన కుక్క కలదు. ఎవరు వచ్చినను లేవదు, మొఱగదు. "మాది బహు బుద్ధిమంతురాలు" అని మురియుచుందుము. 1967లో అమెరికాలోని మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అను పండితులు కొన్ని కుక్కలకు తప్పించుకొన వీలులేని విద్యుద్ఘాతములిచ్చి చూచిరి. పిమ్మట తప్పించుకొనుటకు వీలున్నను వానిలో పెక్కు కదలక పడియుండెను. అట్టి పరీక్షను నేను మెచ్చను. ఫలితమును మాత్రము మఱవరాదు. ఏమి చేసినను బాధ తప్పదని నేర్చిన జీవము ప్రయత్నమే మానును. కావున కుక్క మందకొడిగా నున్నచో మెచ్చుకొనక, ముందు పశువైద్యునకు చూపుడు. జ్వరమో, పిడుదులో కావచ్చును. దేహమున దోషము లేదని ఆయన చెప్పినచో, మన నడవడిని చూచుకొనవలెను.

నన్నయగారి ఆదిపర్వమున సరమ కథ మీరెఱుగుదురు. యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టగా, అది ఏడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. తల్లి వచ్చి రాజునే నిలదీసెను. ఉదయము చెప్పు కొఱికినందుకు సాయంకాలము వచ్చి కొట్టినచో కుక్కకేమి తెలియును? యజమాని ఇంటికి వచ్చుటయే దెబ్బకు గుర్తని నేర్చుకొనును.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరములకు సిరొంచ పోయిన ఒక ఇంటివారు, కుక్కకు అన్నము వేయుటకు మనిషిని పెట్టి పోయిరి. అతడు వేళ తప్పలేదు. కుక్క మాత్రము మూడు దినములు ముట్టలేదు. ముందరి కాలిని నాకి నాకి పుండు చేసికొనెను. ఆ ఇంటి అవ్వ కట్టి విడిచిన చీర నొకదానిని దాని పడకపై పఱచగా అందు ముడుచుకొని పండుకొనెను. మఱునాడు గంజి త్రాగెను. వాసనయే దానికి చుట్టరికము. కనుకనే రోజునకు రెండు మార్లు వీధిని త్రిప్పునపుడు ఆగినచోట ఆగి వాసన చూడనీయవలెను. తాడు పట్టినవాడు తొందరపడరాదు. దీపావళి మ్రోతకు వణకునపుడు గద్దింపక లోపలి గదిలో చేర్చుకొనుడు.

2019 సెప్టెంబరులో పర్లకోట నీరు ఊరిలోనికి వచ్చినది మఱవలేదు గదా. మూటలు అటకకెక్కించు తొందరలో కట్టుకొయ్య వంక చూచువాడుండడు. నీరు పెరుగుచున్నదని వినగానే మొదట గొలుసు విప్పి, కుక్కను మీతో మెఱకకు తీసికొనిపొండు.

పెండ్లిండ్లకు సిరొంచకో, కాళేశ్వరమునకో పోవువారు కుక్క నెఱిగిన పొరుగువారితో ముందుగా మాటలాడుకొనుడు. అట్టివారు దొరకనిచో నాకు కబురు చేయుడు. ప్రయాణమునకు నాలుగు దినముల ముందునుండియే మా దుకాణపు కుఱ్ఱవానిని రోజును పంపి, దానికి చెలిమి చేయించెదను.