శాసనము పలుకవలసిన మాట
(ఉపన్యాసము)



పొగగొట్టమునుండి వెడలు బొగ్గుపులుసుగాలి కంటికి గనబడదు. ముక్కునకు వాసన తగులదు. అట్టి వాయువును అదుపులోనుంచు అధికారము ప్రభుత్వమునకు గలదా యను వివాదము అమెరికా సంయుక్తరాష్ట్రముల న్యాయస్థానములలో ఇరువదియేండ్లకు పైగా నలుగుచున్నది. ఆ కథ మనకును పాఠమే.

1970లో అచ్చటి కాంగ్రెసు వాయుశుద్ధి శాసనమును గావించెను. భూతాపమును బెంచు వాయువులను నియంత్రింపవలెనని అందు పేరెత్తి చెప్పలేదు. 2003లో పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈ యధికారము తనకు లేదని చేతులు ముడుచుకొనెను. సముద్రము పొంగి మా తీరభూమిని మ్రింగుచున్నదని మసాచుసెట్సు రాష్ట్రము మరికొన్ని రాష్ట్రములతో గూడి వ్యాజ్యము నడపెను. 2007లో సుప్రీంకోర్టు, ఐదుగురొకవైపు నలుగురొకవైపు కాగా, ఈ వాయువులును శాసనము చెప్పిన మాలిన్యములే యని తీర్పుచెప్పెను. వీనివలన ప్రజారోగ్యమునకు కీడు గలదని 2009లో ఆ సంస్థయే నిర్ణయించెను.

పిమ్మట గాలి మళ్లినది. 2022లో వెస్టువర్జీనియా వ్యాజ్యమున అదే న్యాయస్థానము, ఆరుగురు ముగ్గురుగా చీలి, దేశమును బొగ్గు విద్యుత్తునుండి మరలించునంతటి నిర్ణయమునకు కాంగ్రెసు యొక్క స్పష్టమైన యనుజ్ఞ కావలెననెను. ఈ వాదమున సారము లేదనజాలము. ప్రజలెన్నుకొనని యధికారులు పరిశ్రమల రూపునే మార్చుట తగునా యని యడుగుట న్యాయమే. కాని యడుగబడిన కాంగ్రెసు ఏమి చేసినది? 2009లో ప్రతినిధిసభ ఆమోదించిన నియంత్రణ బిల్లు సెనేటులో వోటునకైనను రాలేదు. కోర్టు కాంగ్రెసును జూపును. కాంగ్రెసు మౌనము దాల్చును. సంస్థ యధ్యక్షుడు మారినపుడెల్ల మాట మార్చును. 2009 నాటి తన నిర్ణయమునే అది 2025లో రద్దుచేయ బూనెను. న్యాయస్థానములకు వాయిదాలు గలవు, సముద్రమునకు లేవు.

సోదరులారా! ఇది పరాయివారి తగవని నవ్వుకొనకుడు. 2024లో మన సుప్రీంకోర్టు, బట్టమేకపిట్ట రక్షణకై వచ్చిన వ్యాజ్యమున, శీతోష్ణస్థితి మార్పువలని కీడునుండి రక్షణ పొందు హక్కు రాజ్యాంగపు 14, 21 అధికరణములలో నిమిడియున్నదని చాటెను. ఈ విషయమున సమగ్రమైన శాసనమొకటి దేశమున లేదనియు ఆ తీర్పే పేర్కొనెను. హక్కును న్యాయమూర్తులు చెప్పిరి. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా తగ్గింపవలెనో చెప్పవలసినది పార్లమెంటు. ఆ మాట శాసనములో లేనిచో, అమెరికావలె మనమును పదముల యర్థములకై పోరాడుచు కాలము గడుపుదుము. కావున వోటడుగ వచ్చినవారిని ఈ యొక్క ప్రశ్న యడుగుడు: శాసనమెప్పుడు చేయుదురు?