కళ్ళజోళ్ళ దుకాణం జమాఖర్చులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఖజానా కార్యాలయంలో 31 ఏళ్ళు గుమాస్తాగా ఇతరుల డబ్బుకు లెక్కలు రాశాను. ఇప్పుడు నా డబ్బుకే రాయవలసి వచ్చింది. ఆ సంగతి మనవి చేస్తాను.

మా మనవరాలు నాలుగేళ్ళ ఆప్టోమెట్రీ డిగ్రీ చదివి, ఒక కంటి ఆసుపత్రిలో నెలకు 18 వేల జీతం మీద పనిచేసేది. 2025 వేసవిలో సొంతంగా కంటి పరీక్ష, కళ్ళజోళ్ళ దుకాణం పెడతానంది. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం వడ్డీకి వేసిన 8 లక్షలు గడువుకు ముందే తీసి ఇచ్చాను. రెండేళ్ళు దాటింది గనుక ఒక శాతం, అంటే 8 వేలే కోత పడింది. కాని మూడు నెలలకోసారి వచ్చే 16,400 ఆగిపోయింది. మా ఆవిడ మందులు ఆ డబ్బుతోనే కొనేవాళ్ళం. ఆ మాట పిల్లతో అనలేదు.

ఆరు నెలలు గడిచాక మావాడు "నాన్నా, అద్దె, కరెంటు పోను నెలకు 30 వేలు మిగులుతోంది" అన్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. నేను పుస్తకం తెరిచాను. పిల్ల వదులుకున్న జీతం 18 వేలు. నా వడ్డీ నెలకు 5,467. మూడు లక్షల యంత్రాలు ఐదేళ్ళలో పాతబడతాయనుకుంటే నెలకు 5 వేలు. ఇవన్నీ తీసేస్తే నిజంగా మిగిలింది 1,500. మావాడికి కోపం వచ్చింది. ఇంట్లో మనిషికి జీతమేమిటన్నాడు.

అసలు చిల్లు ఎక్కడుందో వెతికితే ఒక సొరుగులో దొరికింది. 23 జతల కళ్ళజోళ్ళు, కట్టించుకున్నవాళ్ళు తిరిగి రాలేదు. ఫ్రేము అయితే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అద్దం ఒకరి కంటికి కోసింది మరొకరికి పనికిరాదు. లేబొరేటరీకి మనం కట్టేది 350 పైమాటే, తీసుకున్న అడ్వాన్సు 100. మన భాషలో చెప్పాలంటే అది సస్పెన్స్ ఖాతా. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. 14 మంది వచ్చారు. ఒకాయన నా వయసువాడే, పోయాడట. కొడుకు వచ్చి, బాకీ కట్టి, ఆ జోడు తీసుకుపోయాడు. వద్దన్నా వినలేదు. ఇప్పుడు అద్దం ఖరీదుకు తగ్గకుండా అడ్వాన్సు తీసుకుంటున్నాం.

2025 సెప్టెంబరు 22 నుంచి కళ్ళద్దాల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవారికి మంచిదే. మేము మాత్రం 12 శాతం కట్టి కొన్న సరుకును అరల్లో పెట్టుకుని కూర్చున్నాం.

ఇక పరీక్ష ఫీజు. "తాతయ్యా, పక్క దుకాణంలో ఉచితమని బోర్డు ఉంది, నేను అడిగితే ఎవరొస్తారు?" అంది. నిజమే, కంటి వెలుగు శిబిరంలో చత్వారం జోడు ఉచితంగా తెచ్చుకున్నవాణ్ణి నేనూ. అయితే అక్కడ పరీక్ష చేసినవారికి జీతం సర్కారు ఇచ్చింది. ఈ పిల్ల అరగంట కూర్చుని చూస్తుంది, వాళ్ళు చీటీ పట్టుకుని ఇంకో దుకాణానికి వెళతారు. ఆ అరగంటకు ఖరీదు ఎవరివ్వాలి? చివరికి 100 రూపాయలు పెట్టింది. మొదటి నెల జనం తగ్గారు, నన్ను తిట్టుకుంది కూడా. తరువాత కొంత సర్దుకుంది. పూర్తిగా కాదు.

పోయిన నెలలో ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. లెక్కపెడితే 16,400. అసలు కాదు, మూడు నెలల వడ్డీ. పుస్తకంలో జమ వేశాను. "రసీదు ఇవ్వండి తాతయ్యా" అంది. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం చేసి ఇచ్చాను.