మొక్కకు పేరు, పేరుకు మొక్క

తెలిసినదనుకొన్న విషయమును గురించి ఎవరైనా చిన్న ప్రశ్న వేసినప్పుడే మన తెలివి ఎంత లోతున నున్నదో బయటపడును. అట్టి ప్రశ్న ఒకటి మాకు ధర్పల్లి నుండి కార్డు మీద వచ్చినది.

అంతకు కొన్నాళ్ళ ముందు ఇంటి వైద్యమున వాడు మొక్కలను గురించి మేము ఒక ప్రసంగము చేసియున్నాము. "పునర్నవ అనగా మన గలిజేరే. మూత్రసంబంధమైన వ్యాధులకు పూర్వులు దీనిని వాడెడివారు" అని అందులో ఒక వాక్యము చదివినాము. పుస్తకములో నున్న వాక్యమే. మేము కల్పించినది కాదు. ధర్పల్లి రైతు ఒకరు ఆ వాక్యము విని ఇట్లు వ్రాసినారు: "అయ్యా, మా చేలలో గలిజేరు అని పిలిచేవి రెండున్నవి. రెండవదానిని కొందరు అటికమామిడి అని కూడా అంటారు. మీరు చెప్పినది ఏది? మా అమ్మకు మూత్రపిండముల జబ్బు. మీ మాట విని ఆకు కోసినాము గాని వండలేదు. జవాబు కొరకు చూస్తున్నాము."

కార్డు చేతిలో పట్టుకొని చాలసేపు ఊరకున్నాము. మాకు జవాబు తెలియదు. గలిజేరు అన్న మాట తెలియును; పునర్నవ అన్న మాట తెలియును; రెంటిని కలుపు మొక్కను మాత్రము మేమెన్నడును చేతపట్టి చూచి యెరుగము. "ఏదియును వండవద్దు. వైద్యుని అడుగకుండ ఆకు ముట్టవద్దు" అని ఆనాడే జాబు వ్రాసి, వృక్షశాస్త్రము బోధించు మిత్రుని వెంటబెట్టుకొని ధర్పల్లికి బయలుదేరినాము.

అవి బతుకమ్మ పండుగ సమీపించిన దినములు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, ధర్పల్లి ప్రాంతములు పసుపు పంటకు పేరుపడినవి. వానలకు ముందో వెనుకో నాటిన పసుపు ఆ రోజులకు నడుమెత్తు పెరిగి పూతకు వచ్చియున్నది. గట్ల మీద గునుగు తెల్లగా పూచినది. బీళ్ళలో తంగేడు పచ్చగా పూచినది. చేని గట్టున ఒక వృద్ధురాలు కూర్చుండి ఉన్నది. కార్డు వ్రాసిన రైతు తల్లి ఆమెయే.

మేము అడుగకముందే ఆమె రెండు మొక్కలను పెరికి మా ముందు పెట్టినది. మా కంటికి రెండును ఒక్కటే. రెండును నేల మీద ప్రాకునవి. రెంటికిని ఆకులు ఎదురెదురుగా జంటలు. ఆ జంటలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది.

"గిది కండ ఆకు సారూ. ఎండకాలం సచ్చిపోతది, మల్ల ఇత్తుకే మొలుస్తది. గదేమో ఏరు సావది. వాన పడితె పాత ఏరుకే సిగురు పెడ్తది" అన్నది ఆమె.

"మరి మందుకు చెప్పినది ఏది అవ్వా?" అన్నాము.

"మీ పుస్తకమాయన దేన్ని సూసి రాసిండో గది మాకెట్ల ఎరుక?" అన్నది.

శ్రోతలారా, మేము ఆనాడు నేర్చిన పాఠమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. ఆమెకు మొక్క తెలియును, పుస్తకములోని పేరు తెలియదు. మాకు పేరు తెలియును, మొక్క తెలియదు. ఇద్దరి నడుమ వంతెన లేదు. ఆ వంతెనకే వృక్షవర్గీకరణ శాస్త్రమని పేరు.

మా మిత్రుడు జేబులోనుండి భూతద్దము తీసి మా చేతికిచ్చినాడు. మొదటి మొక్కకు పూవు ఎక్కడ నున్నదో వెంటనే కనబడలేదు. ఆకుకాడ మొదలు సంచివలె వెడల్పై, ఆ సంచిలో ఒంటిపూవును దాచుకొన్నది. పూవు తెల్లగానైనను లేత గులాబిరంగుననైనను ఉండవచ్చును. కనుక తెల్లది, ఎర్రది అని రంగును బట్టి నిశ్చయించుట పొరపాటు. కాయకు మూత కలదు; మూత ఊడగా లోపల నల్లని గింజలు. ఇది ట్రయాంథిమా పోర్చులకాస్ట్రం. రెండవ మొక్కలో పూవులు ఆకులను విడిచి, సన్నని కొమ్మల కొసలకు గుత్తులుగా పైకి వచ్చినవి. ఒక్కొక్కటి ఆవగింజకంటె కొంచెము పెద్దది. కాయ ఐదు గీరలు కలిగి, జిగురై, మా పంచె అంచుకు అంటుకొన్నది. ఇది బోయర్‌హావియా డిఫ్యూసా, అనగా అటికమామిడి. హాలెండు దేశపు వైద్యుడు బోయర్‌హావే పేర ఏర్పడిన పేరు.

పునర్నవ అనగా మరల క్రొత్తదగునది. వేసవిలో పైభాగము ఎండినను వేరు బ్రతికియుండి వానకు చిగిర్చునది అటికమామిడియే. ఆ పేరు పెట్టిన పూర్వులు ఆమె చూచినదే చూచినారు. గుర్తును పేరులోనే దాచిపెట్టినారు. ఆ గుర్తును విడిచి పేరును మాత్రము చేతబట్టుకొన్నవారము మేమే. మొదటి మొక్క ఆకులో ఆగ్జలేటు లవణములు ఎక్కువ. అవి మూత్రపిండముల జబ్బు కలవారికి కోరి తినవలసినవి కావు. ఆ ఇంట ఆకు వండియుండినచో ఏమయ్యెడిదో మేము చెప్పలేము. వండలేదని విని మా ప్రాణము కుదుటబడినది.

ఇక పోలికలను ఎట్లు నమ్మవలె నన్న ప్రశ్న పుట్టినది. దానికి జవాబు ఆ పసుపుచేనిలోనే దొరికినది.

1753లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ "స్పీసీస్ ప్లాంటారం" అను గ్రంథమును ప్రకటించి, నాటికి తెలిసిన మొక్కలకు రెండేసి మాటల పేర్లు స్థిరపరచినాడు. మొదటి మాట ప్రజాతి, రెండవ మాట జాతి. ఇది మనకు వింత కాదు. ముందు ఇంటిపేరు, వెనుక సొంతపేరు వ్రాసికొను అలవాటు మన తెలుగువారిదే కదా! పసుపుకు కుర్కుమా లాంగా అని పేరు. కుర్కుమా అనునది కుర్కుం అను అరబ్బీ మాటనుండి వచ్చినది.

పేర్లు బాగుగనే యున్నవి గాని, మొక్కలను గుంపులుగా పేర్చుటకు లిన్నేయస్ పూవులోని కేసరములను లెక్కించినాడు. ఒక కేసరము కలవి ఒక తరగతి, రెండు కలవి మరొక తరగతి. ఆ లెక్కను బట్టి మెట్టతామర ఆ గ్రంథము మొదటి పుటలోను, పసుపు రెండవ పుటలోను, మన అటికమామిడి మూడవ పుటలోను వచ్చినవి. అరటి మాత్రము 1043వ పుటకు పోయినది! చేనిలో నిలువబడి చూచిన రైతు ఎవడును పసుపును అటికమామిడి ప్రక్కన కూర్చుండబెట్టడు. పసుపు ఆకును, అరటి ఆకును చూపినచో పసిపిల్లవాడైనను రెండును చుట్టములని చెప్పును. నడిమి ఈనె నుండి అంచు వరకు దగ్గర దగ్గరగా సాగిన సన్నని ఈనెలు, ఒకదానినొకటి చుట్టుకొని కాండమువలె నిలుచు ఆకుతొడిమలు, రెంటికిని ఒకటే.

ఒక్క లక్షణమునే పట్టుకొన్న వర్గీకరణము వెదకుటకు సులభమే గాని చుట్టరికము చెప్పజాలదు. ఈ సంగతి లిన్నేయసుకు తెలియకపోలేదు. పిమ్మట 1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంత్వాన్ లారెన్ ద జ్యూసియూ అనేక లక్షణములను కలిపి తూచి మొక్కలను సహజ కుటుంబములుగా విభజించినాడు. ఆ మార్గముననే 1862 మొదలు 1883 వరకు బెంథామ్, హుకర్ అను ఆంగ్ల పండితులు రచించిన మహాగ్రంథము మన కళాశాలలలో చిరకాలము పాఠ్యక్రమమునకు ఆధారమైనది.

ఈ చూపుతో మా మిత్రుడు పసుపుపూవును విప్పి చూపినాడు. పైకి రేకులవలె తెల్లగా మెరయునవి రేకులు కావు. పూవులను కాపాడు పుచ్ఛములు. వాని దిగువ దొప్పలలో చిన్నచిన్న పచ్చని పూవులున్నవి. పూవులో మిక్కిలి వెడల్పుగా కనబడు భాగము కూడ రేకు కాదు. పని మాని రేకువలె మారిన కేసరములు. పుప్పొడినిచ్చు కేసరము ఒక్కటే. అరటిపూవులో సాధారణముగా ఐదు కేసరములు పనిచేయును. మెట్టతామరలో సగమే పనిచేయును. తక్కిన సగము రంగు రేకుగా మారినది. ఐదు, ఒకటి, అర! లిన్నేయస్ లెక్కకు దూరమైన అరటియు, దగ్గరైన పసుపు, మెట్టతామరలును ఒకే క్రమమునకు చెందినవే. ఒకే ఇంటిలో కేసరములు ఒక్కొక్కటే కొలువు మార్చుకొన్న కథ ఇది.

మన వాడుకపేర్లు ఎంత మోసగించునో ఇప్పుడు చూడుడు. మెట్టతామర తామర కాదు, పసుపుకు చుట్టము. మామిడి అల్లము మామిడియు కాదు, అల్లమును కాదు. అది పసుపు ప్రజాతిలోనిదే. దానికి కుర్కుమా అమడ అని పేరుపెట్టిన విలియం రాక్స్‌బరో మన సామర్లకోటలో ఏండ్ల తరబడి తోట నడిపి, తెలుగు పేర్లను అడిగి వ్రాసికొన్నవాడు. 1795 నుండి వెలువడిన ఆయన కోరమండల తీరపు వృక్షముల గ్రంథము నేటికిని ప్రమాణము. ఇక మానిపసుపు పసుపు కానే కాదు. అది తిప్పతీగ కుటుంబపు అడవితీగ. దాని పసుపురంగు బెర్బెరిన్ అను వేరు పదార్థము వలన కలిగినది. పసుపుకొమ్ము రంగు కుర్కుమిన్ వలన. రంగు ఒకటే, వంశములు వేరు.

తామర సంగతి ఇంకను చిత్రము. బెంథామ్, హుకర్లు తామరను కలువను ఒకే కుటుంబమున చేర్చినారు. నీటిలో నుండుట, గుండ్రని ఆకు, పెద్ద పూవు చూచినవారు ఎవరైనను అట్లే చేర్తురు. 1998 నుండి జన్యుపదార్థమును ఆధారముగా గొని వెలువడిన వర్గీకరణములలో తామర కలువకు దూరమై, కాశ్మీరపు చినారు చెట్టు చెంతకు చేరినది. నీరు రెండు వంశములను ఒకే అచ్చున పోసినదన్నమాట. శాస్త్రము తన మాటను తాను దిద్దుకొనుట దాని బలమే గాని బలహీనత కాదు. మన తంగేడు కూడ ఒకప్పుడు కేషియా, ఇప్పుడు సెన్నా. పేరు మారినది, తంగేడు మారలేదు.

ఇదే వెలుగులో మా రెండు గలిజేరులను మరల చూచినాము. వాని కుటుంబములు వేరు. అటికమామిడి చంద్రకాంతకు, బోగన్‌విల్లాకు చుట్టము. అయినను పైమెట్టున రెండును ఒకే క్రమమునకు చెందును. గట్టు మీద బతుకమ్మకు కోయుచున్న గునుగును ఆ క్రమములోనిదే. బీటుదుంపకు ఎరుపునిచ్చు వర్ణద్రవ్యములు మొక్కలన్నిటిలో ఈ ఒక్క క్రమమునందే పుట్టును.

మరి సామాన్యుడు మొక్కను గుర్తించుట యెట్లు? మా మిత్రుడు ఒక వరుస చెప్పినాడు. మొదట నిలువబడి చూడుడు: చెట్టా, పొదయా, తీగయా, నేలబారుదా? పిమ్మట కూర్చుండి చూడుడు: కణుపునకు ఆకులెన్ని, ఎదురెదురా, ఒకటి విడిచి ఒకటా? ఆకు ఒంటిదా, అనేక చిట్టి ఆకుల కూర్పా? త్రుంపిన పాలు కారునా? నలిపిన వాసన యేమి? పాలు కారు మొక్కలలో విషములు కలవి పెక్కు గనుక చేయి కడుగుకొనుడు. తెలియని మొక్కను రుచిచూడవద్దు. కడపట పూవును విప్పి రక్షకపత్రములు, రేకులు, కేసరములు, అండకోశము లెక్కించి, కాయను కోసి చూడుడు. ఆకు ఎండకు వానకు మారును. పూవు కట్టడి అంత తేలికగా మారదు.

ఈ గుర్తులను జంట ప్రశ్నలుగా పేర్చినచో గుర్తింపు పట్టిక యగును. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1778లో తన దేశపు మొక్కల గ్రంథమున ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చినాడు. పూవు ఆకుసంచిలో దాగినదా, కొమ్మ కొసకు వచ్చినదా? దాగినదైన ఒక త్రోవ, వచ్చినదైన మరొక త్రోవ. ఒక్కొక్క ప్రశ్న సగము లోకమును ప్రక్కకు నెట్టును. నిజామాబాదు జిల్లా మొక్కలకు ఆచార్య పుల్లయ్య, రవిప్రసాదరావుగార్లు 1995లో అట్టి గ్రంథమును సమకూర్చినారు.

ఆ గ్రంథములకును మూలము ఎండబెట్టిన మొక్కయే. పూవు, కాయ, ఆకు గల కొమ్మను వార్తాపత్రికల నడుమ అదిమి, దినదినము కాగితము మార్చి, ఎండిన పిమ్మట అట్టకు అంటించి, ఊరు, తేదీ, పూవు రంగు, ఆ ఊరివారు పిలుచు పేరు వ్రాయవలెను. ఈ కడపటిది మరువరాదు. ఆ అవ్వ నోట మేము ఒక్క పూటలో విన్న మొక్కల పేర్లు మా పుస్తకములలో సగమును లేవు. వ్రాసికొననిచో అవి ఆమెతోనే పోవును. పేరు మాత్రము వ్రాసి మొక్కను దాచనిచో అది మా ప్రసంగములోని గలిజేరే యగును.

తిరిగివచ్చిన వారముననే మా పొరపాటును ప్రసారములో ఒప్పుకొని దిద్దుకొన్నాము. రైతు తల్లి పట్టణపు వైద్యుని చికిత్సలో నున్నది. మేము లేచివచ్చునప్పుడు ఆమె రెండు మొక్కలను కాగితపు పొట్లములో చుట్టి మా చేతిలో పెట్టి, "ఈ పారి సూసి సెప్పుండ్రి సారూ" అన్నది.

ఆ రెండును ఎండి, అట్టల మీద, మేము ప్రసంగములు వ్రాయు బల్ల మీద ఎదురుగా ఉన్నవి. ఏ మొక్కను గురించి వ్రాయబోయినను ముందు వాని వంక చూచి గాని కలము పట్టుట లేదు. సెలవు.