అడగండి, అప్పగించండి

కుందుర్పిలో వేరుశనగ విత్తిన రైతు వాన కోసం ప్రార్థిస్తాడు. కలుపు తీయడం మాత్రం మానడు. స్వస్థత కోసం చేసే ప్రార్థన కూడా అలాంటిదే.

గెత్సేమనే తోటలో యేసుప్రభువు ఏం చేశారు? శ్రమ తొలగించమని తండ్రిని సూటిగా అడిగారు. ఆపైన తండ్రి చిత్తానికి తలవంచారు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. పౌలుకు విశ్వాసం తక్కువని అనగలమా? అందుకే, జబ్బు తగ్గనివారిని నిందించకండి.

ప్రార్థించడమంటే వైద్యం వద్దనడం కాదు. పౌలు తోటి సేవకుడు లూకా వైద్యుడే. మన సీమలో జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పింది మిషనరీలే.

రోగి మంచం పక్కన కూర్చుని, పేరు పెట్టి ప్రార్థించండి: “ప్రభువా, ఈ జ్వరం తగ్గించు. తగ్గినా తగ్గకపోయినా మా చెయ్యి వదలకు.”

ధైర్యంగా అడగండి. నమ్మకంతో అప్పగించండి. మందులు మాత్రం మానకండి.